పేగు తీగ

అక్టోబరు మొదటి శుక్రవారం వాళ్ళు వచ్చి
నాతో అన్న మొదటి మాట:
"హీటరు ఆపేయండి ఓడిలోన్, వేడికి తీగలు తట్టుకోలేవు."

నేతగాళ్ళ చర్చికి తాళాలూ చీపురూ బాయిలరూ నేనే.
ట్రాములు బాగుచేసి రిటైరైనవాణ్ణి,
సంగీతం గురించి నన్నెవరూ అడగరు.
మనుషులకు చలేస్తే ఫరవాలేదట.
సరే అన్నాను.

ఆరు కచేరీల సీజను.
శ్రుతి చేసుకోవడం ఒక గంట, వాయించడం అరగంట,
ఘెంట్ వాన ఒక్క జల్లు కొడితే
మళ్ళీ మొదట్నించీ.
మామూలు కంటే అర స్వరం కిందికి దించుతారు,
"ఆ రోజుల్లో ఇలాగే ఉండేది" అంటారు,
నిన్న సాయంత్రమే ఆ రోజుల్లోంచి దిగి వచ్చినట్టు.

నవంబరులో ఒక రాత్రి
కాగితం మీద చీమకాలంత గీత దగ్గర ఆగిపోయారు.
ఆ గమకం పై స్వరం నుంచి మొదలవ్వాలా, అసలు స్వరం నుంచా?
ఒకతను ఒక పాత గ్రంథం తెరిచాడు,
ఇంకొకావిడ ఇంకో గ్రంథం.
పదకొండున్నర దాటింది.
నేను తాళాలగుత్తి గలగలలాడించాను,
అది ఏ శతాబ్దపు పద్ధతో వాళ్ళు పట్టించుకోలేదు.

జనవరి. మంచు.
రిహార్సల్ మధ్యలో మెక్టెల్ట్ వాయించే పెద్ద వయొలోన్ మీద
అన్నిటికంటే లావు తీగ తెగింది.
పిస్తోలు పేలినట్టు చప్పుడు, పావురాలు లేచాయి.
ఆమె కవరులోంచి కొత్త తీగ తీసింది,
తేనె రంగు, చుట్ట చుట్టి.
నాకంటే ముందు నా ముక్కు గుర్తుపట్టింది.

గొర్రె పేగు.
రేవు వెనక కబేళా.
నాన్న వేడివేడిగా బుట్టలో మోసుకొచ్చేవాడు,
అమ్మ బూడిదనీళ్ళ తొట్టిలో మోచేతులదాకా.
సన్నవి సాసేజిలకి, పొడుగువి తీగలకి.
ఆ తీగలు ఏ ఊరెళ్ళేవో, ఎవరు వాయించేవారో
మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు.
బళ్ళో నా బెంచీ మీద ఇంకెవరూ కూచునేవారు కాదు.
పెళ్ళయ్యాక రోజెలీన్‌తో కూడా
మాది ఉన్ని వ్యాపారం అనే చెప్పాను.

మెక్టెల్ట్ తనలో తాను తిట్టుకుంటోంది:
"పుస్తకంలో ఉన్నట్టే చేయించాను, ఇది మూడోది.
చాలినంత నాననివ్వాలి అని రాశాడు మహానుభావుడు.
చాలినంత అంటే ఎంత?"

చీపురు గోడకానించి అన్నాను:
"వేళ్ళ మధ్య లాగితే కీచుమనాలి.
ఎలుకపిల్లలా కాదు, తడి గాజు మీద బొటనవేలిలా.
అప్పటిదాకా రోజుకు రెండుసార్లు నీళ్ళు మార్చాలి,
ప్రతిసారీ బూడిద కొంచెం పెంచాలి."

అందరూ నావైపు తిరిగారు.
ఆమె స్వరాల కాగితం అంచున పెన్సిలుతో రాసుకుంది.
"ఎవరు చెప్పారని వెయ్యను?"
అమ్మ పేరు చెప్పాను. ఫిలోమీన్.
కబేళా జీతాల చిట్టాలో తప్ప
ఎక్కడా ఎక్కని పేరు. అందులోనూ అక్షరం తప్పు.

ఫిబ్రవరి అంతా మెక్టెల్ట్ స్నానాల తొట్టి కంపు.
మొదటి పేగు కుళ్ళింది,
రెండోది మెలి పెడుతుంటే తెగింది,
కింద అద్దెకున్నాయన పోలీసుల్ని పిలుస్తానన్నాడు.
అమ్మ చేతులు నా చేతులకి ఎంత గుర్తో
అంతవరకే వచ్చు, ఆ పైన తడుములాట.

ఏప్రిల్. ఈస్టరు ముందు ఆఖరి కచేరీ.
కోట్లు విప్పని జనం,
ఎవరో దగ్గుబిళ్ళ కాగితం విప్పుతున్న చప్పుడు.
స్తంభం వెనక నిలబడ్డాను.
మా తీగ మోగింది.
చెవికంటే ముందు చెప్పుల అడుగున తెలిసింది.
పేగులు కదిలిపోయాయంటారే,
ఆ మాట కబేళాలో పనిచేసినవాడెవడో పుట్టించి ఉంటాడు.

రెండో భాగం మధ్యలో శ్రుతి జారింది.
మెక్టెల్ట్ ఆగి, మెల్లగా బిగించుకుని,
నావైపు చూడకుండా నవ్వింది.

అంతా వెళ్ళాక బాయిలరు వేశాను.
పైపులు టకటకమన్నాయి,
ఏ శ్రుతిలోనో ఎవరూ తేల్చలేదు.
గేటు దగ్గర గొడుగుతో రోజెలీన్.
నా చెయ్యి అందుకుని, వాసన చూసి,
"ఉన్ని వాసనేనా ఇది?" అంది.